సెలవడిగిన వాక్యం

రెండు వేల తొమ్మిది ఆగస్టు పద్నాలుగు, శుక్రవారం, కృష్ణాష్టమి. ఆ మధ్యాహ్నం బీరకాయ పప్పు, గుమ్మడి వడియాలు, గడ్డ పెరుగు తిని ఆఫీసుకు వెళ్లి కామేశం గారు రాసిన వాక్యం, పదహారేళ్ల తర్వాత ఇవాళ సాయంత్రం అయిదింటికి ఇంటికి వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, హాల్లో సోఫా మీద కూర్చుని ఉంది.

ఎనిమిది పదాల వాక్యం. సోఫాకి ఈ చివర నుంచి ఆ చివర దాకా సరిగ్గా సరిపోయింది. "లాంచీ నడుపుతున్న సరంగు మద్యం మత్తులో ఉన్నట్లు ప్రాథమిక సమాచారం." మొదటి పదం దగ్గరా, మూడో పదం దగ్గరా సోఫా కొంచెం కుంగింది. మిగతా చోట్ల కూర్చున్నట్టే తెలియడం లేదు.

కామేశం గారు దాన్ని చూడగానే గుర్తుపడతారు. మంచినీళ్లు తెచ్చి ఇస్తారు. అది తాగదు. గ్లాసు పట్టుకుని కూర్చుంటుంది.

"ఫ్యాను వెయ్యనా?"

"వద్దు సార్. బాగా పలచబడ్డాను. ఎగిరిపోతాను."

నిజమే, పలచబడింది. టీవీ తెర అడుగున కుడి నుంచి ఎడమకి పాకి పాకి అక్షరాల కింది అంచులు అరిగిపోయాయి. ముసలివాళ్ల మోకాళ్లలా ఉన్నాయి. కామేశం గారికి డెబ్బై దగ్గరపడుతోంది కనుక ఆ అరుగుదల ఏమిటో తెలుసు. కాళ్లు పెట్టుకోవడానికి పీట తెచ్చి వేస్తారు.

జిల్లా సమాచార శాఖలో ప్రెస్ నోట్లు రాయడం ఆయన ముప్పై ఏళ్ల ఉద్యోగం. జిల్లాలో ఏదైనా జరిగితే, అది ఎలా జరిగిందని ప్రభుత్వం చెప్పదలచుకుందో ఒక పేజీలో రాసి, సాయంత్రం ఆరు లోపల పత్రికలకీ చానళ్లకీ పంపాలి. ఆ రోజు కొండపేట రేవు దగ్గర లాంచీ మునిగింది. పంతొమ్మిది మంది పోయారు. నడిపిన సరంగు మావుళ్లు కూడా పోయాడు.

"ఇప్పుడు ఏం కావాలి నీకు?" అంటారు కామేశం గారు.

"రిలీవింగ్ ఆర్డరు సార్. ఎవరు నియమించారో వాళ్లే ఇవ్వాలిట. మొదట మూడు రోజులు టీవీలో చేశాను. తర్వాత విచారణ నివేదిక, నాలుగో పేజీ. ఆ తర్వాత ఏటా ఈ తారీఖున, ఆ విషాదానికి ఇన్నేళ్లు అని మళ్లీ టీవీలో. ఒక్క క్యాజువల్ లీవు లేదు. మీరు రిటైరై హాయిగా ఉన్నారు. నాకేమో పొడిగింపు మీద పొడిగింపు."

"ఇవాళ కూడా ఉందా డ్యూటీ?"

"ఆరు గంటల వార్తల్లో. అందుకే తొందరపడి వచ్చాను. ఇంకొక్కసారి పాకితే నా వల్ల కాదు సార్."

తలుపు దగ్గర గాజుల చప్పుడు. పై వాటాలో ఉండే సత్యవేణి తొంగిచూస్తోంది. కామేశం గారి భార్య సుభద్ర పోయినప్పటి నుంచి, ఈ ఇంట్లో పాలున్నాయో లేవో ఆవిడే కనిపెట్టి చూస్తుంది.

"చుట్టాలొచ్చినట్టున్నారు అన్నయ్యగారూ. కాఫీకి పాలున్నాయా?" అని లోపలికొచ్చి వాక్యాన్ని ఎగాదిగా చూస్తుంది. "ఈయన్నెక్కడో చూశానండీ."

"టీవీలో."

"అదే అనుకున్నాను. టీవీలో కనిపించేవాళ్లు ఎదురుగా చూస్తే ఇంకాస్త సన్నంగా ఉంటారు." పాలగిన్నె బల్ల మీద పెట్టి, మూత సరిచేసి, "మీ ముఖం అలా ఉందేమిటి? ఏమన్నా అప్పజెప్పమంటున్నారా?" అంటుంది.

"అలాంటిదే."

"అప్పజెప్పెయ్యండి మరి. ఎన్నాళ్లని దాస్తారు?" అని వెళ్లిపోతుంది. ఏమిటది అని అడగదు. అడగకుండా వెళ్లడం కూడా ఒక ఉపకారమే అనుకుంటారు కామేశం గారు.

ఆయన గొంతు సవరించుకుంటారు. "చూడు, నిన్ను నేను పని గట్టుకుని రాయలేదు. నువ్వు ఉండిపోయావు. అంతే."

ఇది ఆయన ఎన్నోసార్లు చెప్పుకున్న మాట. ఆఫీసులో ప్రమాదాల ఫైలని ఒకటి ఉండేది. కొత్త ప్రమాదం జరిగితే కొత్తగా రాసేవారు కాదు. పాత ప్రమాదం నోటు నకలు తీసి, ఊరు మార్చి, పేర్లు మార్చి, మృతుల సంఖ్య మార్చి టైపుకి ఇచ్చేవారు. అంతకు రెండేళ్ల ముందు ఒక లారీ బోల్తా పడింది. దాని డ్రైవరు నిజంగానే తాగి ఉన్నాడు. ఆ నోటునే ఆ సాయంత్రం బయటికి తీశారు. తాగుడు మాట కొట్టెయ్యడం మరిచిపోయారు. ఆరయింది. నోటు వెళ్లిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర సుభద్రకి అలాగే చెప్పారు, మరిచిపోయానని. ఆవిడ మజ్జిగ వడ్డించి, "రేపు సవరణ వేయించండి," అంది. మర్నాడు పై అధికారి, "ఉండనివ్వండి కామేశం గారూ, జనానికి ఏదో ఒక కారణం కావాలిగా," అన్నాడు. ఉండనిచ్చారు.

"మరిచిపోయారా సార్?" అంటుంది వాక్యం. కోపంగా కాదు. ఫారంలో ఒక గడి నింపడానికి అడిగినట్టు.

"మరిచిపోయాను."

"అయితే చిత్తు ప్రతి ఒకసారి చూద్దాం. వంటింట్లో ఉంది."

హాల్లోంచి వంటింట్లోకి తొమ్మిది అడుగులు. ఇవాళ అంతకంటే ఎక్కువ ఉన్నాయి. నడిచినకొద్దీ గోడ సాగుతోంది. గోడ పొడుగునా వరసగా పదహారు క్యాలెండర్లు వేలాడుతున్నాయి. అన్నీ ఆగస్టు నెల దగ్గరే తెరిచి ఉన్నాయి, అన్నింట్లోనూ పద్నాలుగో తారీఖు చుట్టూ పెన్సిలుతో సున్నా. అది సుభద్ర చుట్టిన సున్నా. కింద కొంచెం తెరుచుకుని ఉంటుంది, ఆవిడ ఎప్పుడూ పూర్తిగా మూసేది కాదు. ఆవిడ పోయి నాలుగేళ్లు. చివరి నాలుగు క్యాలెండర్లలోనూ సున్నా ఉంది. పెన్సిలు అదే.

ఆరో క్యాలెండరు దాటుతుండగా మిక్సీ మోత వినిపిస్తుంది. కామేశం గారు ఆగుతారు. ఏటా ఈ రోజు సరిగ్గా ఆరింటికి సుభద్ర మిక్సీలో పచ్చడి వేసేది. టిఫిను లేని రోజున, సాయంత్రం ఆరింటికి, ఎవరు తింటారని ఇంత పచ్చడి అని ఆయన విసుక్కునేవారు. ఆ మోతలో టీవీ వార్తలు వినపడేవి కావు.

ఇప్పుడు అర్థమవుతుంది. అర్థమయ్యాక మోత ఆగిపోతుంది.

వంటింట్లో అలమర మూడో అరలో పోపుల డబ్బా. ఆఫీసు చిత్తు కాగితాలు ఇంటికి తెచ్చి అరల్లో పరచడం ఆ ఇంటి అలవాటు. కామేశం గారు డబ్బా ఎత్తుతారు. కింద కాగితం మీద గుండ్రంగా పసుపు మరక. మరక నడుమ ఆ వాక్యం ఉంది, టైపు అక్షరాల్లో. "లారీ" మీద గీత, పైన నీలం సిరాతో "లాంచీ". "డ్రైవరు" మీద గీత, పైన "సరంగు". చేతిరాత ఆయనదే. "సరంగు"లో సున్నా మరీ శ్రద్ధగా, గుండ్రంగా ఉంది.

మరిచిపోయి వదిలేసిన వాక్యంలో ఎవరూ పదాలు మార్చరు.

సుభద్ర రోజుకు రెండు పూటలా పోపు పెట్టేది. రెండు పూటలా ఈ డబ్బా ఎత్తి, ఈ గీతలు చూసి, మళ్లీ సరిగ్గా వాటి మీదే పెట్టేది. పన్నెండేళ్లు. మీరు అబద్ధమాడారని ఒక్కనాడు అనలేదు. ఆగస్టులో మిక్సీ వేసేది, అంతే.

కామేశం గారు అరలోంచి కాగితం తీస్తారు. వాక్యం గుమ్మం దగ్గర, కాస్త వంగి, ఎదురుచూస్తూ ఉంటుంది.

"అప్పుడు టైము లేదు," అంటారాయన.

"రెండు పదాలు మార్చడానికి ఉంది కదా సార్. కొట్టెయ్యడానికి ఒక్క గీత చాలు. గీతకి టైము తక్కువ."

"కారణం లేకపోతే నోటు ఖాళీగా కనిపిస్తుంది. అసలు కారణం రాయకూడదు. నాలుగున్నరకి డ్యాము మీద నుంచి నీటిమట్టం చూసే ఆయన ఫోను చేశాడు. గేట్లెత్తారు, సైరను మోగించలేదు అన్నాడు. అది ప్యాడ్ మీద రాసుకున్నాను. చింపేశాను." కామేశం గారు డబ్బా గట్టు మీద పెడతారు. "సరంగు చనిపోయాడు కదా, అతనికి పోయేదేముంది అనుకున్నాను."

"అతనికో ఇల్లుంటుందని అనుకోలేదా సార్?"

"అనుకున్నాను. అనుకునే మార్చాను."

ఇది ఆయన ఎవరితోనూ అనలేదు. అనగానే వంటింటి గోడ దగ్గరికి జరుగుతుంది. ఇప్పుడు హాల్లోకి తొమ్మిది అడుగులే ఉన్నాయి. ఆయన కాగితం మడిచి, నీలం సిరా పెన్ను చొక్కా జేబులో పెట్టుకుని, వాక్యాన్ని శాలువాలా భుజాన వేసుకుంటారు. బరువు లేదు.

గడియారంలో ఆరుకి పది తక్కువ. టీవీ వేస్తారు. తెర వెలుగుతుంది. పంచె కొంచెం పైకి పట్టుకుని, గడప దాటినట్టు తెర దాటుతారు.

లోపల చీలమండల దాకా నీళ్లు. చల్లగా, ఎర్రగా, వరద నీళ్లు. ఆ నీళ్లలో మనుషులు గుండ్రంగా నిలబడి ఉన్నారు. ప్రతివాడూ ముందువాడి వీపు మీదికి వేలు చూపిస్తున్నాడు. మైకు పట్టుకున్న విలేకరి, ఫైలు పట్టుకున్న విచారణ అధికారి వైపు. విచారణ అధికారి, పత్రికల కత్తిరింపులు అంటించుకునే గుమాస్తా వైపు. అలా చుట్టూ. ఒక్కచోట మాత్రం ఖాళీ ఉంది. ఆ ఖాళీ ఒక మనిషి వెడల్పు. ఆ మనిషికి కుడి భుజం కొంచెం కిందికి ఉంటుంది. కామేశం గారి కుడి భుజం లాగే.

"ఇక్కడ ఎవరుండాలి?" అని అడుగుతారు.

"తెలియదండీ," అంటాడు ఖాళీ వైపు వేలు చూపిస్తున్నాయన. "విశ్వసనీయ వర్గాలు అని రాసి ఉంది. పదహారేళ్ల నుంచి అటే చూపిస్తున్నాను. చెయ్యి పడిపోతోంది."

కామేశం గారు ఆ ఖాళీలో నిలబడతారు. వేలు ఆయన వీపుకి తగులుతుంది. వెచ్చగా ఉంది. గుండ్రంగా ఉన్నవాళ్లందరూ ఒక్కసారి చేతులు దించి మణికట్లు రుద్దుకుంటారు. ఒకాయన, "అమ్మయ్య," అంటాడు. కామేశం గారికి ముందున్నవాడి వైపు వేలు చూపించే వంతు వస్తుంది. ఆయన రెండు చేతులతోనూ కాగితం పట్టుకుంటారు.

వార్తలు చదివే అమ్మాయి బల్ల వెనక కూర్చుని ఉంది. పేరు ప్రత్యూష అని బల్ల మీద రాసి ఉంది. బల్ల పైన పట్టుచీర, నగలు. బల్ల కింద చీర కుచ్చెళ్లు మోకాళ్ల పైకి దోపుకుంది. నీళ్లలో పాదాలు ముడతలు పడి తెల్లగా ఉన్నాయి.

"అమ్మా, ఇది తప్పు వార్త. ఆపాలి."

"తప్పు నేను చదవలేదండీ. ప్రాథమిక సమాచారం అని చదివాను. ప్రాథమికం అన్నాక తప్పెలా అవుతుంది?"

"మరి తుది సమాచారం?"

"అది ఇంకా రాలేదండీ. వచ్చేదాకా మొదటిదే చదువుతాం."

"తెచ్చాను." కాగితం చూపిస్తారు.

ఆ అమ్మాయి కాగితం చూస్తుంది. పసుపు వాసన చూస్తుంది. "రాసినవాళ్లే చదవాలి సార్. అదే కుర్చీలో, అదే టైముకి. నియమం." లేచి, తడిసిన కుర్చీని పట్టుచీర చెంగుతో తుడుస్తుంది. "నేను ఇంటికి వెళ్లొచ్చా? మా అమ్మ అన్నం కలిపి ఉంచానంది. అది ఏ ఏడాదో గుర్తులేదు." సమాధానం కోసం ఆగకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలో నడిచి వెళ్లిపోతుంది.

కామేశం గారు కూర్చుంటారు. ఎదురుగా కెమెరా ఉండాలి. కెమెరా లేదు. ఒక గది ఉంది. రేకుల కప్పు, నీలం రంగు గోడలు, గోడకి పటం, పటంలో మావుళ్లు. పటం కింద ఒకావిడ కాళ్లు చాపుకుని కూర్చుని చేటలో బియ్యం బాగుచేసుకుంటోంది. మావుళ్లు భార్య ధనమ్మ. ఆయన ఆవిణ్ని ఎన్నడూ చూడలేదు. ఆవిడ ఉంటుందని మాత్రం అప్పుడే తెలుసు.

ధనమ్మ తల ఎత్తుతుంది. ఆయన ఆవిడ టీవీలో ఉన్నారు. అది తలుపులున్న పాత చెక్క టీవీ, రెండు రెక్కలూ బార్లా తీసి ఉన్నాయి.

"ఏటి బాబూ, ఇయ్యాల ఆ అమ్మాయి రాలేదేటి?"

"ఇంటికి వెళ్లిందమ్మా."

"పాపం, మంచి పని చేసింది. సదవండి మరి. ఆరవుతోంది. నాను ఎల్లి పొయ్యి ముట్టించుకోవాలి."

ఆయన కాగితం విప్పుతారు. చదవబోయి ఆగుతారు. సరంగు తాగి ఉన్నాడన్న సమాచారం తన దగ్గర లేదని తెలుసు. కానీ తాగి లేడన్న సమాచారం మాత్రం ఎక్కడుంది? ఆ సాయంత్రం ఆయన ఎవరినీ అడగలేదు. ఆ తర్వాత పదహారేళ్లూ అడగలేదు. కొట్టెయ్యడానికి వచ్చినవాడికి దాని స్థానంలో ఏముండాలో తెలియదు.

"ఏం, పేజీ ఎగిరిపోయిందా?" అంటుంది ధనమ్మ.

వెనక నీళ్లు కదులుతాయి. మోకాళ్ల దాకా పెరుగుతాయి. ఇంజను చప్పుడు లేకుండా ఒక లాంచీ వచ్చి కుర్చీ పక్కన ఆగుతుంది. అందులో జనం వరసగా కూర్చుని ఉన్నారు, దిగాల్సిన రేవు ఇది కాదన్నట్టు. ఒళ్లో సంచులున్నాయి. ఒక ముసలాయన గొడుగు మూసే ఉంచాడు. సరంగు కిందికి దిగి, తాడు తెచ్చి, కామేశం గారి కుర్చీ కాలికి కడతాడు. ముడి గట్టిగా, తేలిగ్గా పడుతుంది. చేతులు వణకవు.

తర్వాత ఆయన ముఖం మీదికి వంగుతాడు.

"వాసన సూడండి బాబుగోరూ."

"ఎందుకు నాయనా?"

"ఆ ఏళ ఎవరూ సూడలేదండి. ఆసుపత్రోళ్లు సూడలేదు, పోలీసోళ్లు సూడలేదు. మీరు రాసేశారని ఆళ్లు వదిలేశారు. ఇప్పుడైనా సూడండి." నోరు తెరిచి ఊపిరి వదులుతాడు.

కామేశం గారు కళ్లు మూసుకుని వాసన చూస్తారు. పరగడుపు నోటి వాసన. ఉదయం నుంచి ఏమీ తినని మనిషి ఊపిరి. దాని అడుగున ఒక్క తులసాకు.

"ఉపవాసమా?"

"కిష్ణాష్టమి కదండి. పిల్ల పుట్టినప్పుడు మొక్కుకున్నాను. సాయంత్రం అటుకులు తిందారని మాయావిడ నానేసింది."

"పెద్ద గిన్నెడు నానేశాను," అంటుంది ధనమ్మ గదిలోంచి. భర్తను చూసి ఆశ్చర్యపోదు. "బెల్లం కూడా కొట్టి ఉంచాను. మూడో రోజుకి పులిసిపోయాయి."

కామేశం గారికి బీరకాయ పప్పు గుర్తొస్తుంది. వడియాలు గుర్తొస్తాయి. ఆ రోజు సుభద్ర కూడా ఉపవాసమే. ఖాళీ కడుపుతో ఆయనకి వడ్డించి, పెరుగు మీద మీగడ ఆయన వైపే జరిపింది. ఆ మీగడ తిని వెళ్లి రాశారు.

ఆయన పెన్ను తీస్తారు. భుజం మీద ఉన్న వాక్యాన్ని బల్ల మీద పరుస్తారు. అది కదలకుండా ఉంటుంది, సూది మందుకి చెయ్యి చాపినట్టు. ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే గీత గీస్తారు. చాలా తక్కువ టైము పడుతుంది. వాక్యం ఆ గీత మీద, నులక మంచం మీద ఒరిగినట్టు ఒరిగి, కాళ్లు చాపుకుని నిద్రపోతుంది.

అప్పుడు గదిలోకి చూసి చదువుతారు.

"రెండు వేల తొమ్మిది ఆగస్టు పద్నాలుగున కొండపేట రేవు దగ్గర లాంచీ నడిపిన సరంగు మావుళ్లు తాగి లేడు. తాగి ఉన్నాడని ఎవరూ నాకు చెప్పలేదు. పాత కాగితంలో రెండు పదాలు మార్చి నేను రాశాను. తెలిసే రాశాను. ఆ రోజు పైన గేట్లెత్తారు, సైరను మోగించలేదు. ఆ సంగతి నాకు ఫోనులో చెప్పారు. అది నేను రాయలేదు. మావుళ్లు ఆ రోజు ఉపవాసం."

చదవడం అయిపోతుంది. చప్పట్లు లేవు, సంగీతం లేదు. లాంచీలో ముసలాయన గొడుగు ఒకసారి తెరిచి, నీళ్లు దులిపి, మళ్లీ మూస్తాడు.

ధనమ్మ చేట పక్కన పెట్టి లేస్తుంది. టీవీ దగ్గరికొచ్చి, ముఖం దగ్గరగా పెట్టి ఆయన్ని చూస్తుంది. ఆవిడ కళ్లలో ఆయనకి తన ముఖం చిన్నగా, నీలంగా కనిపిస్తుంది.

"మా పిల్లని బళ్లో తాగుబోతు సరంగు కూతురనేవోరు," అంటుంది. "పెళ్లయి ఎల్లాక అత్తోరూ అంతే. నీటి మీదికి ఎల్లేముందు మావోడు పచ్చి మంచినీళ్లు ముట్టడని ఎంతమందికి సెప్పానో. టీవీలో సెప్పారు కదా అనేవోరు. టీవీకి తెలిసింది నాకు తెల్దంట."

"క్షమించమ్మా అనడానికి నాకు..."

"అనకండి. అది సదవమని నానడగలేదు." చీర కొంగుతో తెర మీద దుమ్ము తుడుస్తుంది, ఆయన ముఖం ఉన్న చోట కూడా. "పదారేళ్లు ఆ మాట ఇన్నాను. ఇది ఒక్కసారి సదివితే సరిపోద్దా? రేపు కూడా సదవండి. ఎల్లుండీ సదవండి. పిల్ల వత్తది, ఇంటది. ఈదిలో వాళ్లు వత్తారు, ఇంటారు."

"చదువుతాను."

"కూకోడానికి బాగానే ఉందా అక్కడ?"

"నీళ్లున్నాయమ్మా. నడుం దాకా వచ్చాయి."

"ఉంటాయి," అంటుంది ధనమ్మ. పటం వైపు తిరిగి చూస్తుంది. పటంలో ఎవరూ లేరు. ఖాళీ అద్దం, దండ. "మావోడు అక్కడే ఉన్నాడుగా. మునగనివ్వడు."

లోపలికెళ్లి ఒక గిన్నె తెచ్చి, తెరలోంచి చెయ్యి పెట్టి, బల్ల మీద ఉంచుతుంది. నానిన అటుకులు, పైన బెల్లం ముక్క. గిన్నె రెండుగా పంచుకునేంత ఉంది. మావుళ్లు కుర్చీ చేతి మీద కూర్చుని, ముందు ఆయన తినాలని ఆగుతాడు. లాంచీలో వాళ్లందరూ కూడా ఆగుతారు. కామేశం గారు ఒక పిడికెడు తీసుకుని, నోటి దాకా తెచ్చి, మావుళ్లు చేతిలో పెడతారు.

పదహారేళ్ల ఉపవాసం విడుస్తూ సరంగు నెమ్మదిగా నములుతాడు. నమిలే చప్పుడు తప్ప నీళ్ల మీద ఇంకే చప్పుడూ లేదు.

"ఇయ్యాల్టికి ఇక సాలు, పడుకోండి," అంటుంది ధనమ్మ. గీత మీద వాక్యం నిద్ర చెడకుండా, చెక్క టీవీ రెండు రెక్కలూ ఒక్కొక్కటిగా దగ్గరకు జరిపి, చప్పుడు కాకుండా తలుపు మూస్తుంది.